పాండేసర ఖాడీ గట్టు మీద గూళ్ళున్నాయి: సూరత్ మహానగరపాలికకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూరత్ మహానగరపాలిక కమిషనర్ గారికి, పాలకవర్గం వారికి, నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి పెద్దలకు,



“పాండేసరలో పక్షులెక్కడివి? అది ఫ్యాక్టరీల ఏరియా. పక్షుల్ని చూడాలని ఉంటే గవియర్ చెరువుకు వెళ్ళండి.” వేసవిలో ఖాడీ (వాగు) పూడిక తీసే యంత్రం దిగినప్పుడు, గట్టు మీద గుడ్లున్నాయి, ఈ ముక్క వదిలి అవతలి నుంచి మొదలుపెట్టండి అని అడిగితే మాకు వచ్చిన జవాబు ఇది. అన్నది ఎవరన్నది నాకు ముఖ్యం కాదు. ఒక్క మనిషి మాటే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సిన పనీ లేదు. ఇక్కడ మురుగు పోవాలి, సరుకు పోవాలి, పనివాళ్ళు వచ్చిపోవాలి, అంతకుమించి చూడదగ్గదీ కాపాడదగ్గదీ ఏమీ లేదన్న ఉద్దేశం ఈ ఊళ్ళో చాలామంది పెద్దల్లో పాతుకుపోయింది. దాన్ని నేను ఒప్పుకోలేను.

గవియర్ మీద మాకు ఈర్ష్య ఏమీ లేదు. 1984 నుంచి పనిచేస్తున్న నేచర్ క్లబ్ సూరత్ వాళ్ళు ఆ నీటినీ ఆ చెట్లనూ పట్టించుకున్నారు కాబట్టే చలికాలంలో బాతులు అక్కడ దిగుతున్నాయి. వాళ్ళ రుణం ఊరంతా కలిసినా తీరదు. కానీ మా వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి చూడండి. సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు, లేదంటే రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు. గవియర్‌కు పోయి రావాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి. పిల్లల్ని వెంటేసుకుంటే ఆటో ఖర్చు అదనం. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా తెలుగు నేతపనివాళ్ళకూ, గంజాం నుంచి వచ్చిన ఒడియా వాళ్ళకూ, ఖాన్‌దేశ్ వాళ్ళకూ, యూపీ బీహార్ వాళ్ళకూ పక్షి కనబడేది షిఫ్టు మారే ఆ అరగంటలోనే, ఖాడీ వంతెన దాటేటప్పుడే. ఆ అరగంట కూడా వాళ్ళకు దక్కకుండా చేయమని మీకు ఎవరు చెప్పారు?

ఏమున్నాయని అడుగుతున్నారు కదా, చెప్తాను.

జూన్‌లో మబ్బు పట్టే వేళకు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి చాతకపక్షి వస్తుంది. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్ళు, నెత్తిన కుచ్చు. భేస్తాన్ వైపు తుమ్మచెట్ల మీద కూర్చుని అరుస్తుంటే, ఇక వానలు దగ్గరపడ్డాయని ఇంట్లో ఆడవాళ్ళు వడియాల గిన్నెలు లోపలికి సర్దుకుంటారు. వానలు పడి ఖాళీ ప్లాట్లలో నీళ్ళు నిలిచాక కప్పల కోసం గుడ్డికొంగలు దిగుతాయి. మామూలుగా మట్టిరంగులో కలిసిపోయి కంటికి ఆనని ఆ పక్షికి ఆ నెలల్లో వీపంతా ముదురు ఎరుపు తిరుగుతుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగలకు తలా మెడా పసుపెక్కుతాయి. శ్రావణం నాటికే గులాబీ గోరింకల తొలి గుంపులు చేరతాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో పిల్లల్ని లేపుకుని, మిగతా వలసపక్షుల్లో చాలావాటికంటే ముందే గుజరాత్‌కు వచ్చేసి ఏప్రిల్ దాకా ఉంటాయవి. చలికాలం సాయంత్రాల్లో మిల్లు చిమ్నీల వెనక నుంచి అవి ఒకే దెబ్బన లేచి, గుంపు గుంపంతా ఒక్కసారి తిరిగి, ఏదో ఒక చెట్టు మీద కుప్పకూలినట్టు వాలతాయి. రాత్రి షిఫ్టుకు పోయేవాళ్ళు సైకిల్ ఆపి తలెత్తి చూస్తారు. నేను ఒడియా, మరాఠీ, భోజ్‌పురి మాట్లాడేవాళ్ళతో మొదటిసారి మాట కలిపింది అలాంటి ఒక చెట్టు కిందే.

భాద్రపదం దాటాక తోక ఆడిస్తూ నేల మీద పరుగెత్తే పిట్టలు ఉత్తరం నుంచి వస్తాయి. ఉల్లంకులు వస్తాయి. దసరా దగ్గరపడేసరికి తీగల మీద పాలపిట్ట కనబడుతుంది. దాని గురించి మళ్ళీ చెప్తాను, అది మా ప్రాణానికి దగ్గరైన పక్షి. చలికాలం నడిమధ్యలో తాపీ మీద కాజ్‌వే దగ్గరికి ఊరు ఊరంతా పోయి, టిబెట్ సరస్సుల నుంచి దిగివచ్చిన గోధుమతల సముద్రపక్షులకు గాఠియాలు విసురుతుంది. ఉప్పూ నూనే ఉన్న ఆ పిండివంట పక్షికి తిండి కాదు. అయినా అక్కడ జనం ముఖాల్లో కనబడే సంబరాన్ని నేను తక్కువ చేయను. ఆ సంబరం పాండేసర పిల్లలకూ రావాలనే కదా నా తాపత్రయమంతా.

ఇవన్నీ వచ్చిపోయేవి. మా భేద్వాడ్ ఖాడీని అంటిపెట్టుకుని ఏడాదంతా ఉండేవి వేరే. వంపు తిరిగిన పొడుగు ముక్కు, నెత్తి వెనక ఎర్రటి గుబ్బలు, భుజాన తెల్ల మచ్చ, మిగతా ఒళ్ళంతా నల్లగా ఉండే నల్ల కంకణం మా చెత్తకుప్పల అంచున పురుగులు ఏరుకుంటుంది. చెట్లు తగ్గిపోయిన చోట హైటెన్షన్ టవర్ల మీద పుల్లలు పేర్చి గూడు కడుతుంది. తెల్ల కంకణాలు మురుగుబురదలో ముక్కు దించి వరసగా నడుస్తాయి. ఎర్రటి సన్నకాళ్ళ ఉల్లంకులు జానెడు లోతు నీళ్ళలో అడుగు తీసి అడుగు వేస్తూ పురుగుల్ని పట్టుకుంటాయి. వేసవిలో నీరు తగ్గి బురద దిబ్బలు తేలితే వాటి మీదే గుడ్లు పెడతాయి.

ఇక తీతువు. మా ఊళ్ళల్లో తీతువు కూస్తే కీడని పెద్దవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. పాండేసరకు వచ్చాక ఆ పక్షిని దగ్గరగా చూసి ఆ భయం వదిలించుకున్నవాళ్ళం మేం చాలామందిమి ఉన్నాం. భేస్తాన్ స్టేషన్ దాటాక పట్టాల పక్కన పరిచిన కంకర రాళ్ళ మధ్య అది గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు. నాలుగు గుడ్లు, రాళ్ళ రంగులోనే, మచ్చలతో. పక్కనే నిలబడినా కనబడవు. బండి వచ్చినప్పుడు లేచి పక్కకు నడుస్తుంది, బండి పోగానే వచ్చి కూర్చుంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ రాళ్ళు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. అప్పుడు ఆ తల్లి ఖాడీ దాకా ఎగిరిపోయి, నీళ్ళలో కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుని, మళ్ళీ వచ్చి ఆ తడితో గుడ్లను కప్పుతుంది. కాసేపటికి మళ్ళీ పోతుంది. మళ్ళీ వస్తుంది. దానికి అందేంత దూరంలో, అది దిగగలిగేంత లోతులో నీరు ఉండాలి. అయ్యా, ఖాడీ గట్టును నిటారు గోడ చేసేస్తే ఆ పక్షి ఎక్కడ దిగాలి?

ఖాడీ వరద మాకు పేపర్లో చదివే వార్త కాదు. 2024 జూలైలో, మళ్ళీ 2025 జూన్‌లో సూరత్ ఖాడీలు పొంగి వాడల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. బియ్యం డబ్బాలు తడిశాయి, సాంచాల మోటార్లు మునిగాయి, పిల్లల పుస్తకాలు పోయాయి. పూడిక తీయకండని మేం అనం. తీయకపోతే మునిగేది మా ఇళ్ళే. మేం అడిగేది ఎప్పుడు, ఎలా అని. వానలకు ముందు పనులు అంటూ ఏప్రిల్, మే నెలల్లో హడావిడిగా యంత్రాలు దించుతారు. సరిగ్గా ఆ నెలల్లోనే తీతువు, సన్నకాళ్ళ ఉల్లంకి గుడ్ల మీద ఉంటాయి. అదే పని డిసెంబరులో మొదలుపెట్టి మార్చి లోపల ముగిస్తే గూళ్ళకు తగలదు. వరదకూ ముందే సిద్ధమైనట్టవుతుంది. బిల్లుల కోసం వాన ముంచుకొచ్చేదాకా ఆగే అలవాటు పోతే ఊరికి కూడా మంచిదే కదా? ఒక ఏడు ఒక గట్టు, మరుసటి ఏడు రెండో గట్టు తీస్తే ఒక వైపు రెల్లూ బురదా ఎప్పుడూ మిగిలి ఉంటాయి. గోడ కట్టక తప్పని చోట కట్టండి. వెడల్పు ఉన్న చోట మాత్రం గట్టును ఏటవాలుగా వదలండి. ఏటవాలు గట్టుకు వరద నీరు పట్టే చోటు కూడా ఎక్కువే. ఈ మాట మీ ఇంజనీర్లకు నేను చెప్పాలా?

ఆల్థాణ్ దగ్గర కాంకరా ఖాడీ వెంట మీరు చెట్లు నాటి జీవవైవిధ్య ఉద్యానం పెంచారు. అది చూసి మేం సంతోషించాం. ఖాడీ పక్కన చెట్టు ఉండాలి, చెట్టు మీద పక్షి ఉండాలి అని మీకు తెలుసనడానికి అదే సాక్ష్యం. మరి ఆ తెలివి బమ్రోలీ రోడ్డు దాటి పాండేసరలోకి రావడానికి ఏం అడ్డం వస్తోంది? ఇక్కడ ఉండేది అద్దె రూముల వాళ్ళు, ఓటు ఊళ్ళో ఉన్నవాళ్ళు అనా?

ఈ నగరం ఒకసారి తన తీరు మార్చుకుని చూపించింది, అందుకే ఇంత ధైర్యంగా అడుగుతున్నాను. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ ఖాళీ అయింది. రైళ్ళ మీద వేలాడుతూ ఊళ్ళకు పారిపోయినవాళ్ళలో మా తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు, మన తెలుగు అధికారి, ఇదే మహానగరపాలిక సిబ్బందితోనే ఊరిని ఊడ్పించారు. అధికారులు పొద్దునే కార్యాలయాల్లో కాకుండా వీధుల్లో ఉండాలన్నారు. మురికివాడల్లోనూ దీపం, డ్రైనేజీ, రోడ్డు వేయించారు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో సమానంగా దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఆ గౌరవంలో మా పారిశుద్ధ్య పనివాళ్ళ చెమట ఉంది, మీ పట్టుదల ఉంది, అందరికీ అభినందనలు. కానీ శుభ్రం పేరుతో గట్టు మీద గడ్డిపోచ లేకుండా గీకి, రెల్లు కొట్టేసి, చెట్టు మొదళ్ళకు సిమెంటు పోసే పద్ధతి ఒకటి బయల్దేరింది. ఫొటోలో అది బాగుంటుంది. బురదలో బతికే పురుగు, పురుగుని తినే పిట్ట ఆ ఫొటోలో ఉండవు. ప్లాస్టిక్ తీయండి, చచ్చిన జంతువును తీయండి, మిల్లు మడ్డిని తీయండి. రెల్లును చెత్త కింద లెక్కకట్టకండి.

మడ్డి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఖాడీలో పక్షులున్నాయంటే ఖాడీ బాగుందని కాదు. కొన్ని రోజులు నీరు ఎర్రగా, కొన్ని రోజులు నీలంగా వస్తుంది, మిల్లులో ఆ రోజు ఏ రంగు అద్దారో అది. 2022 జనవరి 6న ఇక్కడికి కాస్త దూరంలో సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ దొంగచాటుగా రసాయనాన్ని కాలవలోకి వదిలితే, లేచిన విషవాయువుకు పక్కనే నిద్రపోతున్న పనివాళ్ళు ఆరుగురు చచ్చిపోయారు. కాలవంటే ఏదైనా పారబోసుకోవచ్చునన్న ధీమాయే వాళ్ళను చంపింది. అక్కడ ఎవరూ చూడరు అన్న నమ్మకం ఉన్నచోటే ట్యాంకర్లు వస్తాయి. రోజూ పొద్దున ఖాడీ గట్టు మీద పిల్లలో పెద్దలో పక్షుల కోసం నిలబడి చూస్తుంటే, ఆ నీటి రంగు మారిన రోజు, పక్షి దిగని రోజు, ఆ వాసన తేడాగా ఉన్న రోజు వాళ్ళకు తెలుస్తుంది. ఇంత చౌకగా, ఇంత నమ్మకంగా కాపలా కాసేవాళ్ళు మీకు ఇంకెక్కడ దొరుకుతారు? గాలి విషయంలో సూరత్ 2019లోనే ప్రపంచంలో మొదటిసారిగా పొగలోని ధూళికి పరిమితి పెట్టి, అనుమతుల్ని మిల్లులు కొనుక్కుని అమ్ముకునే పద్ధతి తెచ్చింది. దానివల్ల ధూళి తగ్గిందని పరిశోధకులు తేల్చారు. చిమ్నీకి మీటరు పెట్టి లెక్క తీయగలిగిన ఊరు ఖాడీకి ఆ శ్రద్ధ ఎందుకు చూపలేదు?

నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తామంటారేమో. మీ దగ్గరే ఉన్నాయి. బమ్రోలీలో మురుగునీటిని మూడో దశ దాకా శుద్ధి చేసి పాండేసర మిల్లులకు పంపే కేంద్రం 2014 నుంచి నడుస్తోంది. రోజుకు 4 కోట్ల లీటర్లు. మంచినీళ్ళు తాగేవాళ్ళకు మిగిలి, మిల్లులకు వాడిన నీళ్ళే మళ్ళీ పనికొచ్చే ఆ ఏర్పాటును దేశమంతా మెచ్చుకుంది. అందులో చిటికెడు భాగం, ఖాడీ ఒడ్డున ఏదైనా ఖాళీ స్థలంలో మోకాటి లోతు మడుగు ఒకటి వేసవి నాలుగు నెలలు ఆరిపోకుండా ఉంచడానికి ఇస్తే సరిపోతుంది. ఇది నా ఊహలోంచి పుట్టింది కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరం మురుగు శుద్ధి చేసే వెరిబీ మడుగులు 1982లోనే రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల్లో చేరాయి, పక్షుల్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కోల్‌కతా మురుగుతో చేపలు పెంచే తూర్పు చిత్తడినేలలు 2002లో అదే జాబితాకెక్కాయి. ముంబైలో భాండుప్ పంపింగ్ స్టేషన్ దారిలో నిలబడి ఠాణే ఖాడీలో రాజహంసల్ని చూస్తారు. ఆ ఠాణే ఖాడీ కూడా 2022లో రామ్‌సర్ స్థలమైంది. రాజహంస గుజరాత్ రాష్ట్రపక్షి. మీ రాష్ట్రపక్షికి మురుగు పక్కన చోటిచ్చింది ముంబై.

మా వైపు సంగతులూ చెప్తాను. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువుల్లో సర్కారు తుమ్మల మీద ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ గూళ్ళు కడతాయి. అది అడవి కాదు, జనం మధ్య ఊరి చెరువు. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే హైదరాబాద్ శివారులో అమీన్‌పూర్ చెరువుంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు దానికి కూతవేటు దూరం. పాండేసర లాంటి నేపథ్యమే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఒక నగరపు చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. ఆ పేరొచ్చాక కూడా ఆక్రమణల గొడవ ఆగలేదు. కాబట్టి బోర్డు పెట్టి ఫొటో దిగి వెళ్ళిపోతే చాలదని కూడా ఆ చెరువే చెప్తోంది. అయినా ఫ్యాక్టరీల పక్కన పక్షులుంటాయనీ, వాటిని ప్రభుత్వం గుర్తించవచ్చనీ అక్కడ తేలిపోయింది.

మీ బాధ్యత దయాదాక్షిణ్యాల మీద ఆధారపడింది కూడా కాదు. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య నిర్వహణ కమిటీ వేయాలంటుంది. ఆ కమిటీ స్థానిక ప్రజల్ని అడిగి తెలుసుకుని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలని దాని నిబంధనలు చెప్తాయి. ప్రజల్ని అడిగి. సూరత్ రిజిస్టరులో పాండేసరకు ఒక పేజీ ఉందా? ఉంటే దాన్ని రాయడానికి ఎవరిని అడిగారు? సాంచా నడిపే ఒక్క మనిషినైనా అడిగారా? ఖాడీ గట్టు మీద మేకలు కాసే ముసలమ్మను అడిగితే ఏ నెలలో ఏ పక్షి దిగుతుందో వేళ్ళ మీద చెప్తుంది. ఆమె దగ్గరికి కాగితం పట్టుకుని ఎవరు వెళ్ళారు? ఆ పేజీ ఉంటే బయటపెట్టండి, వార్డు కార్యాలయంలో అతికించండి. లేకపోతే రాయించండి. ఖాడీ మీద ఏ పని టెండరు పిలిచినా ఆ పేజీ చూశాకే పిలవాలని నియమం పెట్టండి.

ఇప్పుడు నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి పెద్దలతో రెండు మాటలు. మీరు ఏడు భాషల్లో బళ్ళు నడుపుతున్నారు. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్, వాటితోపాటు తెలుగు. వలస వచ్చినవాడి బిడ్డకు వాడి భాషలో అక్షరం నేర్పాలనుకున్న మీ పెద్ద మనసుకు మేం చేతులెత్తి మొక్కుతాం. ఆ బళ్ళలో చదివే మా పిల్లలు పుస్తకంలో పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి అని చదువుతారు. దసరా నాడు పాలపిట్టను చూస్తే మేలని ఇంట్లో వింటారు. పండగ పూట మా వాళ్ళు కొత్త బట్టలు కట్టుకుని జమ్మిచెట్టు కోసం, పాలపిట్ట కోసం వెతుక్కుంటూ పోతారు. తెలంగాణలో కొన్నిచోట్ల ఆ పక్షిని పట్టి, కాళ్ళు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు దర్శనం చేయిస్తున్నారు. ఆ పాపం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. దేశంలో పక్షుల స్థితి మీద 2023లో వచ్చిన నివేదిక పాలపిట్ట తగ్గిపోతోందనీ, దాని పరిస్థితిని మళ్ళీ అంచనా కట్టాలనీ చెప్పింది. ఇక్కడ, పాండేసరలో, దసరా రోజుల్లో అది కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది. ఎవరూ కట్టేయక్కరలేదు. లేవగానే రెక్కల్లో ఆ నీలం విచ్చుకుంటుంది. ఆ రోజుల్లోనే దాని చుట్టం యూరప్ పాలపిట్ట ఆఫ్రికాకు పోతూ గుజరాత్ మీదుగా దాటుతుంది. రెంటికీ తేడా ఏమిటో పిల్లలకు చూపించే మాస్టారు ఉంటే, ఆ పాఠం వాళ్ళు జన్మలో మరచిపోతారా?

బైనాక్యులర్స్ బడికి నాలుగు చాలు. ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క రాస్తుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. పాండేసర, ఉధనా, లింబాయత్ బళ్ళ పిల్లల్ని ఆ రోజుల్లో ఖాడీ గట్టు మీదికి తీసుకురండి. వాళ్ళు తమ భాషలో తమకొచ్చిన పేరు రాసుకోనివ్వండి. ఒడియా పిల్ల ఒక పేరు చెప్తుంది, తెలుగు పిల్లాడు ఒకటి చెప్తాడు, మాస్టారు గుజరాతీ పేరు చెప్తారు, పక్షి ఒక్కటే అని అందరికీ తెలుస్తుంది.

గాలిపటాల పండగ ఉత్తరాయణం సంగతి విడిచిపెట్టలేను. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో పూర్తిగా నిషేధించింది. ప్రభుత్వం అదే ఏడాది నుంచి జనవరి 10 మొదలు 20 దాకా, గాయపడ్డ పక్షుల్ని కాపాడే కరుణా అభియాన్ నడుపుతోంది. పక్షులు బయల్దేరే పొద్దునా, తిరిగొచ్చే సాయంత్రం పతంగులు ఎగరేయొద్దని చెప్తోంది. మంచి పని. కానీ పండగ అయిపోయాక ఖాడీ గట్టు తుమ్మచెట్లలో చిక్కుకున్న దారం ఎవరు తీస్తారు? అది వానల దాకా అక్కడే వేలాడుతుంది. ఫిబ్రవరిలోనూ మార్చిలోనూ కంకణం రెక్కలో, గద్ద కాలిలో చుట్టుకుంటుంది. అప్పటికి అభియాన్ శిబిరాలు మూసేసి ఉంటాయి. మీ ఉద్యానవన శాఖ నిచ్చెన బండిని పండగ రెండో రోజైన వాసీ ఉత్తరాయణం మర్నాడు, జనవరి 16 నుంచి ఒక వారం మా వైపు కేటాయిస్తే ఆ దారమంతా దిగుతుంది. దారం ఏరడానికి మనుషులు కావాలంటే మేం వస్తాం. దారం పనిలో మా చేతుల్ని మించిన చేతులు మీకు దొరకవు.

పెద్దలారా, వచ్చే పూడిక పనుల ప్రణాళిక మీ బల్ల మీదికి వచ్చినప్పుడు పాండేసర కాగితం తీసి మూడు సంగతులు చూడండి: పని ఏ నెలలో పెట్టారు, ఏ గట్టు వదిలారు, గోడ ఎంత పొడుగు రాశారు. అది ఖరారయ్యే ముందు ఒక రోజు మీ ఇంజనీరును, అటవీ శాఖ మనిషినొకరిని ఖాడీ దగ్గరికి పంపండి. పొద్దున ఏడుకు ముందే రమ్మనండి, షిఫ్టు మారక మునుపు. ఏ దిబ్బ మీద ఏ పక్షి గుడ్లు పెడుతుందో దగ్గరుండి చూపిస్తాం. మా దగ్గర నెలల వారీగా రాసుకున్న నోటు పుస్తకాలున్నాయి, తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని. నకలు తీసి ఇస్తాం. రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఏ భాషలో ఇచ్చినా సరే, చదివి చెప్పేవాళ్ళు మా వాడలో ఉన్నారు.

ఇట్లు,
ఖాడీ గట్టు మీద పక్షుల్ని చూసేవాళ్ళ తరఫున,
పాండేసర తెలుగు నివాసి